తుక్కునకు వేయుటకు ముందు ముద్ర చదువుడు



గడచిన మాసమున మన సంఘపు గిడ్డంగి ముంగిట తుక్కు వర్తకుని బండి నిలిచియుండగా నేనచ్చటికి పోవుట తటస్థించెను. సంఘపు పాత సామానుతో పాటు కొందరు సభ్యులు తమ యిండ్లలోని అరిగిన పనిముట్లను గూడ తెచ్చి కాటాలో వేయించుచుండిరి. అరిగిన గడ్డపారలు, కామ లేని గొడ్డళ్లు, పండ్లు విరిగిన రంపములు, రెండు చిత్రికలు, ఒక బాడిశ. అన్నిటికిని ఒకటే ధర, కిలోల లెక్క. ఆ కుప్పలో ఒక రంపపు పిడిని పట్టి చూడగా దాని నడిమి ఇత్తడి బిళ్లపై మురికి క్రింద అక్షరములు కానవచ్చినవి. దానిని వేరుగా తీసి యుంచుడని కోరితిని. "ఏమున్నదండీ అందులో, మా తాతగారి నాటి సీమ రంపము, కోయదు" అని దాని యజమాని నవ్వెను. కోయకపోవుట నిజమే. ఆకురాయితో పండ్లు తీర్చి నలుబదియేండ్లయినను అయియుండును. కాని ఆ బిళ్లను తుడిచి చదివిన పిదప ఆయనయే దానిని గోనెలో చుట్టుకొని మరల ఇంటికి తీసికొనిపోయెను.

ఈ వ్యాసమునకు కారణము ఆ రంపమే. నా మనవి రెండు మాటలలో చెప్పుదును: పనిముట్టును తుక్కునకు వేయుటకు ముందు దాని మీది ముద్రను చదువుడు, చదివినదానిని నమ్ముటకు ముందు పరీక్షింపుడు. మొదటి పని చేయనివారు మంచి ఉక్కును మన్ను ధరకు అమ్ముకొనుచున్నారు. రెండవ పని చేయనివారు చెడ్డ ఇనుమును ఉక్కు ధరకు కొనుచున్నారు. ఈ రెండు నష్టములును మన సంఘములో జరిగినవే.

ముద్ర చదువవలెనన్న ముందు దానిని చెడగొట్టకుండవలెను. తుప్పు కనబడగానే సానరాతికో గరుకు కాగితమునకో పనిచెప్పువారు అక్షరములను గూడ అరగదీయుదురు. కిరసనాయిలులో తడిపిన గుడ్డను ఆ చోట ఒక రాత్రి చుట్టియుంచి, మరునాడు గోనెపట్టుతో రుద్దిన చాలును. పిమ్మట ఎండలో కాక, సాయంకాలపు ఏటవాలు వెలుతురులో పట్టి చూడవలెను. గుంతలలో నీడ నిలిచి అక్షరము తేలును. అప్పటికిని కానరానిచో పలుచని కాగితము పరచి పెన్సిలు అడ్డముగా రుద్దుడు. ఎచ్చట వెదకవలెనని యడుగుదురేమో. గొడ్డలికి చెంపపై, ఉలికి తోక దగ్గర, రంపమునకు పిడిలోని బిళ్లపైనను రేకుపైనను, ఇనుప చిత్రికకు ఉలి ఆనుకొను దిమ్మకు వెనుక నుండును.

అక్షరములు కనబడినంతనే పేరు దొరికినదని సంతసించువారు పెక్కండ్రు. నేనును అట్టివాడనే. నేను చదివిన మిషను బడిలో వడ్రంగపు శాల యొకటి యుండెడిది. అచ్చటి పాత రంపమొకదాని బిళ్లపై గ్రద్ద బొమ్మయు, దాని చుట్టును "వారంటెడ్ సుపీరియర్" అను మాటలును ఉండెను. వారంటెడ్ అనునతడును సుపీరియర్ అనునతడును కలిసి పెట్టిన కంపెనీ యని తోటి పిల్లలకు ఏడాది పాటు చెప్పితిని. అది కంపెనీ పేరు గాదు, సరకు మేలైనదని హామీ యిచ్చు మాట మాత్రమే. రంపముల కంపెనీలు అనేకము తమ రెండవ తరగతి సరకునకు, వర్తకుల పేర అమ్మెడి సరకునకు ఇట్టి బిళ్లలను వేసెడివి. సొంత పేరు వేయుటకు ఇష్టము లేనిచోట "మేలైనది" యని వేసినారన్నమాట. బజారులో నేటికిని ఈ నీతి నడచుచునే యున్నది.

పాత ఉలులపై తరచుగా కనబడు "కాస్ట్ స్టీల్" అను మాటయు అట్టిదే. అది మనిషి పేరు గాదు, ఊరి పేరు గాదు, పోత ఇనుమని యర్థము అసలే గాదు. మూసలో కరగించి తీసిన ఉక్కు అని దాని భావము. ఇంగ్లండులో డాన్‌కాస్టరు పట్టణమున గడియారములు చేయు బెంజమిన్ హంట్స్‌మన్ అనునతడు తన స్ప్రింగులకు తగిన ఉక్కు దొరకక, 1740 ప్రాంతమున షెఫీల్డు దాపుననున్న హ్యాండ్స్‌వర్తునకు చేరి, మట్టిమూసలలో ఉక్కును పూర్తిగా కరగించు విధమును సాధించెను. మొదట షెఫీల్డు కత్తులవారు ఇది మిక్కిలి గట్టి, మాకు పనికిరాదనిరి. ఫ్రాన్సువారు కొని దానితో చక్కని కత్తులు చేయసాగిన పిదప వీరికి కనువిప్పు కలిగెను. అటుపిమ్మట నూరేండ్లకు పైగా మంచి ఉలి, మంచి రంపము అన్న దానిపై "కాస్ట్ స్టీల్" అను ముద్ర పడెను. 20వ శతాబ్దమున విద్యుత్ కొలుములు వచ్చి ఆ మూసలను మూలకు నెట్టినవి. కావున ఆ మాట యున్న ఉలి సాధారణముగా పాతది, తరచుగా మంచిది. చేసినవాని పేరు మాత్రము ఆ మాటకు పైననో క్రిందనో వేరుగా వెదుకవలెను.

మూసలో ఉక్కు తీయుట తెలుగువారికి క్రొత్త గాదు. హంట్స్‌మన్‌కు ఎంతో పూర్వము నుండియే నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కొలిమివారు మట్టిమూసలకు మూత బిగించి, లోపల ఉక్కు ముద్దలు దింపుచుండిరి. పారసీక వర్తకులు అచ్చటికే వచ్చి బేరము చేసికొని పోవువారు. 1820ల ప్రాంతమున ఆ కొలుములను చూచిన వాయిసీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వ్రాసినది 1832లో కలకత్తాలో అచ్చయినది. మన "ఉక్కు" అను మాటయే పాశ్చాత్యుల నోట "వూట్జ్" అయినదని పండితులు చెప్పుదురు. లండనులో జేమ్సు స్టోడార్టు అను కత్తుల పనివాడు ఐరోపాలోని మేలైన ఉక్కుకంటె ఈ హిందూదేశపు ఉక్కే తనకు నచ్చినదని తన వ్యాపారపు చీటీపై అచ్చువేయించుకొనెను. మైకేలు ఫారడే 1819 మొదలు కొన్నియేండ్లు అతనితో కలిసి దీనిపై పరీక్షలు చేసెను. ఇంత కీర్తి వచ్చినది గదా, కోనసముద్రపు కొలిమివారిలో ఒక్కని పేరైనను మనకు తెలిసినదా? కొన్నవాడు స్టోడార్టు, పరీక్షించినవాడు ఫారడే, చూచినవాడు వాయిసీ. తీసినవాడెవడో తెలియదు. అతడు ముద్ద మీద ముద్ర వేయలేదు.

షెఫీల్డువారు వేసిరి. 1624లో ఇంగ్లండు పార్లమెంటు చట్టముచే అచ్చట కత్తుల పనివారి సంఘ మొకటి యేర్పడెను. పనివాని కొక గుర్తు, ఆ గుర్తునకు దస్త్రములో ఒక పంక్తి. ఒకని గుర్తు మరియొకడు కొట్టరాదు. సహకారులమైన మనకు ఇది గమనింపదగిన విషయము: ముద్రకు విలువ తెచ్చినది సుత్తిదెబ్బ గాదు, సంఘపు పుస్తకము. 1883 చట్టములో గూడ షెఫీల్డు లోహపు సరకుల గుర్తులను నమోదుచేయు అధికారము ఆ సంఘమునకే యిచ్చిరి. మన దేశమున మిక్కిలి ప్రచారమైన జోసెఫ్ రాడ్జర్సు కత్తుల మీది నక్షత్రము, మాల్టా సిలువ అను జంట గుర్తు 1682 నాటిది. అయితే అది మొదట రాడ్జర్సు వారిది గాదు. మరియొక పనివానికి మంజూరై, 18వ శతాబ్దమున వారికి సంక్రమించినది. కావున గుర్తు వయస్సు, కంపెనీ వయస్సు, చేతిలోని కత్తి వయస్సు మూడును వేరువేరు. కత్తి వయస్సు కావలెనన్న చిన్న అక్షరములు చూడవలెను. 1822లో రాజుగారి కత్తుల పనివారైనది మొదలు వారు కిరీటమును, రాజు పేరి పొడి అక్షరములను గూడ కొట్టెడివారు. కిరీటమునకు ఇరుప్రక్కల వి, ఆర్ అక్షరములున్నచో అది విక్టోరియా రాణి కాలము, అనగా 1837 మొదలు 1901 వరకు. జి, ఆర్ అని యున్నచో తొందరపడరాదు. జార్జి పేరి రాజులు 1830కి ముందును ఉండిరి, 1910 తరువాతను ఉండిరి.

ఇక ఆ గిడ్డంగి రంపపు మాట. బిళ్లపై డిస్టన్ అని యుండెను. హెన్రీ డిస్టన్ ఇంగ్లండున పుట్టి, 1833లో తండ్రితో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చేరెను. చేరిన మూడవ నాడే తండ్రి గతించెను. ఆ బాలుడు రంపముల పనిలో చేరి, 1840లో సొంతముగా దుకాణము పెట్టి, తరువాత తన రంపములకు కావలసిన ఉక్కును తానే కరగించుకొనునంతటి వాడయ్యెను. ఈ కంపెనీ బిళ్లలు చదువనేర్చినవానికి పంచాంగము వంటివి. 1865 ప్రాంతమున పెద్ద కుమారుని చేర్చుకొనినప్పుడు పేరు "డిస్టన్ అండ్ సన్" అయ్యెను. తక్కిన కుమారులును వచ్చిన పిదప 1871 నుండి "డిస్టన్ అండ్ సన్స్". చివర ఒక్క ఎస్ అక్షరము లేని బిళ్ల ఆ ఆరేడేండ్లలోనిదే! 1878లో హెన్రీ మరణించెను. 1955లో కుటుంబమువారు కంపెనీని అమ్మివేసిరి. మన సభ్యుని బిళ్లపై ఎస్ ఉన్నది. కావున అది 1871కి తరువాతిది. తాతగారి నాటిదన్న మాటకు ఏ బాధయు లేదు. రేకు బాగుగనే యున్నది, వంచి వదలిన తిన్నగా నిలుచుచున్నది. పండ్లు తీర్చిన కోయును.

ఇనుప చిత్రికల మీది తేదీల విషయములో ఒక హెచ్చరిక. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రపు స్టాన్లీ కంపెనీవారు 1869లో లెనార్డు బెయిలీ యొక్క చిత్రికల పేటెంట్లను కొనిరి. ఆ వంశపు చిత్రికలలో కొన్నిటి అడుగు పలకపై మూడు పేటెంటు తేదీలు పోతలోనే యుండును: 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19, 1910 ఏప్రిలు 19. చూచినవారు "ఇది 1902 నాటి చిత్రిక" యందురు. ఆ యేట అది యెట్లు పుట్టును? మూడవ తేదీ 1910 గదా. పేటెంటు తేదీ హక్కు పుట్టిన దినము, వస్తువు పుట్టిన దినము గాదు. ఆ తేదీకి ముందు ఆ వస్తువు లేదని మాత్రమే అది సాక్ష్యమిచ్చును. ఉలి రేకుపై హృదయాకారపు బిళ్ల ముద్ర యున్నచో అది 1920లో రెండు స్టాన్లీ కంపెనీలు ఏకమైన తరువాతిది. హార్ట్ అను పేరుగల అధ్యక్షుని గౌరవార్థము ఆ ఆకారము పెట్టిరి. అయితే ఉలి మార్చిన చిత్రికలు కొల్లలు. ఉలి యొక కాలపుది, దిమ్మ యొక కాలపుది అయి యుండవచ్చును. గొడ్డలికి కామ మార్చినట్లే.

దొంగముద్రల చరిత్రయు ముద్రల చరిత్రయంత పాతది. 1826లో కనెక్టికట్‌లోనే కాలిన్సు సోదరులు గొడ్డళ్ల కార్ఖానా పెట్టిరి. అంతకు ముందు గొడ్డలి కొన్నవాడు దానిని తానే సానపట్టుకొనవలసి యుండెడిది; వీరు సానపట్టి, వెంటనే పనికి వచ్చునట్లు అమ్మిరి. సరకు సముద్రములు దాటెను. దానితో పాటు దొంగసరకును దాటెను. అమెరికా గొడ్డలి పేరును ఇంగ్లండులోని వారే కొట్టుచుండగా కాలిన్సు వారు లండను న్యాయస్థానమున దావా వేసిరి. పరదేశి యైనను తన ముద్రకు ఇచ్చట రక్షణ కోరవచ్చునని 1857లో తీర్పయ్యెను. వారి ముద్రలో కిరీటము నుండి లేచిన చేయి సుత్తిని పట్టియుండును. దానితో "లెజిటిమస్" అను లాటిను మాట యుండును. అసలైనది, న్యాయమైనది అని దాని యర్థము. నకలు లేనివాడు తనది అసలని చెప్పుకొనవలసిన పనియేమి? ఆ కార్ఖానా 1966లో మూతపడెను.

ఇంగ్లండు వారికిని అట్టి పాఠమే జరిగెను. జర్మనీలోని సోలింగెన్ సరకుపై షెఫీల్డు పేరు పడుచున్నదని గోల పుట్టి, 1887లో సరకుల గుర్తుల చట్టము వచ్చెను. ఇట్టి చట్టమే 1889లో మన దేశమునకును వచ్చెను. 1940, 1958 చట్టముల పిదప నేడు అమలులో నున్నది 1999 నాటి ట్రేడు మార్కుల చట్టము. ఇన్ని చట్టములు కావలసివచ్చిన వనగా దొంగ సుత్తి ఎన్నడును విశ్రమింపలేదనుకొనవలెను.

బొమ్మను మాత్రమే నమ్మువారికి మరియొక మాట. దూరదేశపు కొనుగోలుదారునకు ఇంగ్లీషు రాదు గావున కంపెనీలు జంతువుల బొమ్మలు కొట్టిరి. బర్మింగుహామ్‌లోని మార్టిండేలు వారి కత్తులపై మొసలి. వుల్వర్‌హాంప్టన్‌లోని చిల్లింగ్‌టన్ వారి పారలపైనను మొసలియే. కావున "మొసలి మార్కు" అనిన అడ్రసు కాదు. బొమ్మ, పేరు, ఊరు ఈ మూడును కలిసినప్పుడే గుర్తింపు. మన దేశపు సరకులలో జంషెడ్‌పురమున 1920ల నుండి వచ్చుచున్న టాటా వారి అగ్రికో పనిముట్ల విషయమునను ఇదే నియమము. పెద్ద పేరునకు దగ్గరి పేర్లు పుట్టుట సహజము.

ఇది పుస్తకజ్ఞానము గాదు, నా తప్పిదము. కొన్నియేండ్ల క్రిందట నా సిఫారసుపై ఒక సంఘమువారు రెండు డజనుల పారలు కొనిరి. వర్తకుని పేరు, ఊరు ఇచ్చట అనవసరము. ముద్ర చూచి, పేరు మంచిదని నేనే తలయూపితిని. నల్లరేగడిలో ఒక్క కారు గడవకముందే అంచులు ఆకువలె మడతపడినవి. అప్పుడు కూర్చుండి చదువగా పేరులో ఒక అక్షరము వేరు. పదునైన అంచుపై ఆకురాయి ఆనించి చూచినను మోసము బయటపడెడిది. మెత్తని యినుమును అది చులకనగా కొరుకును, గట్టి ఉక్కుపై జారునట్లుండును. అర నిముసపు పని. నేను చేయలేదు. ఆ సొమ్ము సభ్యులు తలా కొంత భరించిరి, నన్నెవరును ఒక్క మాటయు అనలేదు. అనియున్న బాగుండెడిది.

అసలు ముద్రయే అయినను దానిపై పూర్తి భరోసా పనికిరాదు. పాత గొడ్డళ్లలో పెక్కిటికి ఒడలంతయు మెత్తని ఇనుము. అంచున మాత్రము ఉక్కు అతికియుండును. సానపై పట్టి పట్టి ఆ ఉక్కు ముగిసినను చెంప మీది ముద్ర చెక్కుచెదరదు. అప్పుడు పేరు మిగిలినది, గొడ్డలి పోయినది. అట్టిదానిని కమ్మరిచే క్రొత్త ఉక్కు వేయించుకొనిన మరల పనికి వచ్చును; పాత పేరును చూచి హెచ్చు ధర యిచ్చుట మాత్రము తెలివి గాదు.

రైతుకు ఈ చరిత్ర యెందుకని యొక పెద్దమనిషి నన్నడిగెను. దున్నువానికి నాగలి చరిత్ర యక్కరలేదు, నాగలి చాలునన్నారు. విత్తనము కొనునప్పుడు సంచి మీది పేరు, తేదీ చదువుమని మేము పోరుచున్నాము గదా. అదే కన్ను ఇనుము మీదికిని పోవలెనందును. పైగా పాత వస్తువులు సేకరించువారు పట్టణములలో పెరుగుచున్నారు. మన గుమ్మమున కిలోల లెక్కన పోయిన చిత్రిక అచ్చట మరియొక ధర పలుకుచున్నది. ఆ నడిమి లాభము చదువనేర్చినవానిది.

మన సంఘమున ఒక పుస్తకము పెట్టవలెనని కార్యవర్గమునకు వ్రాసియిచ్చితిని. సభ్యుని ఇంట నున్న ముద్రగల పనిముట్టు, ముద్రను కాగితముపై రుద్ది తీసిన నకలు, ఎవరి కాలమున, ఎచ్చట కొన్నదని ఇంటివారు చెప్పు మాట: ఇవి అందులో చేరవలెను. ముసలివారు చెప్పు మాటను వెంటనే వ్రాసికొనవలెను, పనిముట్టుకంటె ముందు పోవునది అదియే. సంఘము క్రొత్తగా కొను సరకునకు బిల్లులో చేసినవారి పేరు, ఊరు ఉండవలెనని, మోపులో ఒకదానికైనను ఆకురాయి పెట్టి చూడనిదే సొమ్ము చెల్లింపరాదని గూడ కోరితిని.

ఆ పుస్తకపు మొదటి పుటకై మన యూరి కమ్మరి వద్దకు పోయితిని. ఆయన కొడవళ్లకు ముద్ర లేదు. ఎందుకు వేయలేదయ్యా యని యడిగితిని. "ఎవరు చేసినారో ఊరికంతకు తెలుసు గదండీ, మొక్కవోతే మా యింటికే వత్తురు" అనెను. సత్యమే. చేసినవాడును కొన్నవాడును ఎదురెదురుగా నున్నంత కాలము ముద్ర యక్కరలేదు. కాని ఆయన తండ్రి చేసిన కొడవలి యేదని యడుగగా, గోడకు వ్రేలాడు నాలుగింటిని తిప్పి తిప్పి చూచి, వానిలో ఏది తండ్రిదో ఏది తనదో తేల్చలేకపోయెను. ఆ మరునాడు నేను పోవునప్పటికి ఒక పాత ఆకురాయి ముక్కను అరగదీసి, దాని కొనతో క్రొత్త కొడవలి తోకపై మూడు చిన్న గాట్లు పెట్టి చూపెను. వానిని కాగితముపై రుద్ది మొదటి పుటలో అంటించితిమి. రెండవ పుట ఆ రంపమునకు. తక్కినవి ఖాళీగా నున్నవి. వచ్చు సర్వసభ్య సమావేశపు నాడు ముద్రగల పనిముట్లను వెంట తీసికొని రండు. కాగితము, పెన్సిలు సంఘమువే. సానపట్టి మాత్రము తేవలదు.